షేరు చేతిలో ఉంటే ఏది మనది?

దుగ్గిరాల పేరు చెప్పగానే గుంటూరు జిల్లాలో ఎవరికైనా పసుపు యార్డు గుర్తుకొస్తుంది. ధర పడిపోయినప్పుడు రైతు తన పసుపు బస్తాలను శీతల గిడ్డంగిలో పెట్టి రసీదు తీసుకుంటాడు. అద్దె కట్టి ఆ రసీదు చూపిస్తే బస్తాలు తిరిగి వస్తాయి. సరుకు ఎక్కడున్నా సొత్తు రైతుదే. అదే దుగ్గిరాలలో ఇన్‌స్టంట్ కాఫీ తయారుచేసి విదేశాలకు పంపే సీసీఎల్ ప్రాడక్ట్స్ కర్మాగారం ఉంది. ఆ కంపెనీ షేర్లు స్టాక్ ఎక్స్ఛేంజీల్లో రోజూ చేతులు మారుతుంటాయి. వాటిలో వంద కొన్న తెనాలి మనిషి విజయవాడ రైల్లో దుగ్గిరాల దాటుతూ ‘ఇందులో నాకూ వాటా ఉంది’ అనుకుంటే అందులో అబద్ధమేమీ లేదు. కానీ గేటు దగ్గరకు వెళ్లి, తన షేర్ల లెక్కలోంచి ఒక కాఫీ సీసా ఇమ్మంటే ఇవ్వరు. ఇవ్వనక్కర్లేదు కూడా. షేరు గిడ్డంగి రసీదు కాదు.

షేర్ల విషయంలో అపోహలు చాలావరకు ఇక్కడే పుడతాయి. లోపలి యంత్రాలు, భూమి, కాఫీ గింజలు, బ్యాంకులోని నగదు అన్నీ కంపెనీవి. కంపెనీ అంటే చట్టం దృష్టిలో వేరే వ్యక్తి. అది సొంత పేరుతో ఆస్తి కొంటుంది, అప్పు చేస్తుంది, కోర్టుకెక్కుతుంది. షేరు కొన్నవారి చేతికి వచ్చేది ఆ వ్యక్తి మీద కొన్ని హక్కులు మాత్రమే. దాని ఆస్తి కాదు.

మన సుప్రీంకోర్టు ఈ సంగతిని 1954లోనే తేల్చింది. బచా గుజ్దార్ అనే మహిళకు తేయాకు కంపెనీల్లో షేర్లు ఉండేవి. తేయాకు కంపెనీ ఆదాయంలో 60 శాతాన్ని వ్యవసాయ ఆదాయంగా లెక్కగట్టి దానిపై కేంద్రం ఆదాయపు పన్ను వేసేది కాదు. మిగతా 40 శాతానికే పన్ను. కంపెనీ ఆదాయంలో 60 శాతం వ్యవసాయానిదైతే, లాభాల పంపకంగా అందులోంచి తనకు వచ్చిన డివిడెండ్‌లో కూడా 60 శాతం వ్యవసాయానిదే కదా అని ఆమె వాదించారు. వినడానికి సబబుగానే ఉంది. కోర్టు ఒప్పుకోలేదు. తోటలు కంపెనీవి, తోటల మీద వాటాదారుకు ఎలాంటి హక్కూ లేదు, కంపెనీ లాభం పంచాలని నిర్ణయించినప్పుడు అందులో భాగం పొందే హక్కు మాత్రమే ఉంది అని చెప్పింది. డివిడెండ్ నేల నుంచి రాలేదు, షేరు నుంచి వచ్చింది.

ఇలా విడదీయడం వాటాదారుకు నష్టం చేసినట్టు కనిపిస్తుంది. నిజానికి అతనికి దక్కే అతి పెద్ద రక్షణ ఇందులోనే ఉంది. గుంటూరు మిర్చి యార్డులోనో, విజయవాడ వన్‌టౌన్‌లోనో నలుగురు కలిసి భాగస్వామ్య సంస్థ పెట్టి వ్యాపారం చేశారనుకుందాం. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ అప్పులకు ప్రతి భాగస్వామీ బాధ్యుడే. వ్యాపారం మునిగితే అప్పులవాళ్లు అతని ఇంటి మీదికి, పొలం మీదికి రావచ్చు. మిగతా ముగ్గురి బాకీ కూడా ఒక్కడి నెత్తిన పడవచ్చు. పరిమిత బాధ్యత గల కంపెనీలో పూర్తి సొమ్ము కట్టి షేరు తీసుకున్నవారికి ఆ భయం లేదు. పెట్టిన డబ్బు మొత్తం పోవచ్చు, అంతకు మించి ఒక్క రూపాయి కూడా ఎవరూ అడగలేరు. ముక్కూమొహం తెలియని లక్షల మంది ఒకే సంస్థలో డబ్బు పెట్టగలుగుతున్నారంటే కారణం ఇదే.

అయితే ‘మొత్తం పోవచ్చు’ అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. విజయవాడ పక్కన కొండపల్లిలో ల్యాంకో గ్రూపు విద్యుత్ కేంద్రం కట్టింది. విజయవాడ మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ స్థాపించిన ఆ గ్రూపులో ప్రధాన కంపెనీ ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ 2006 నవంబరులో ఒక్కో షేరు రూ.240 చొప్పున ప్రజలకు అమ్మింది. షేర్లు కొన్నవారికి కొండపల్లి కేంద్రం కళ్లెదుటే ఉండవచ్చు. కానీ ఆ కేంద్రం ల్యాంకో కొండపల్లి పవర్ అనే మరో కంపెనీది. ఇన్‌ఫ్రాటెక్‌కు అందులో వాటా, మదుపరికి ఇన్‌ఫ్రాటెక్‌లో వాటా. కనిపించే ఆస్తికీ చేతిలోని షేరుకూ మధ్య రెండు కంపెనీలు ఉన్నాయి. 2017 జూన్‌లో దివాలా చట్టం కింద ముందుగా వసూలు చేయాల్సిన 12 పెద్ద మొండి బాకీలను రిజర్వు బ్యాంకు గుర్తించింది. వాటిలో ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ ఒకటి. కొనడానికి తగినవారు కుదరలేదు. 2018 ఆగస్టులో హైదరాబాద్‌లోని జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ దాన్ని లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి అప్పులు తీర్చి మూసేయడానికి, పంపింది.

లిక్విడేషన్‌లో డబ్బు పంచే వరుసను 2016 నాటి దివాలా చట్టం 53వ సెక్షన్ చెబుతుంది. మొదట ప్రక్రియకు అయిన ఖర్చులు. తర్వాత తాకట్టు పెట్టుకుని అప్పిచ్చినవారు, వారితో సమానంగా కార్మికుల 24 నెలల బకాయిలు. ఆ తర్వాత ఇతర ఉద్యోగుల జీతాలు, తాకట్టు లేకుండా అప్పిచ్చిన ఆర్థిక సంస్థలు, ప్రభుత్వ బాకీలు, మిగతా అప్పులు, చెల్లింపులో ముందు వరుస ఉన్న ప్రిఫరెన్స్ షేర్లు. ఈక్విటీ షేరు, అంటే మనం మామూలుగా కొనే షేరు, వంతు అన్నిటికన్నా చివర. అక్కడిదాకా డబ్బు మిగలడం అరుదు. 2020 నవంబరులో లక్ష్మీ విలాస్ బ్యాంకును డీబీఎస్ బ్యాంకులో కలిపినప్పుడు డిపాజిటర్ల డబ్బు భద్రంగా ఉంది, వాటాదారుల మూలధనం మొత్తం రద్దయింది. ఒకే బ్యాంకు, ఒకే రోజు. అందులో డిపాజిట్ చేసిన మనిషికీ షేరు కొన్న మనిషికీ రెండు వేర్వేరు తీర్పులు.

ఒక్క ముక్కలో చెప్పాలంటే షేరు అనేది మిగులు మీద హక్కు. అప్పిచ్చినవాడికి కంపెనీ బాగున్నా బాగోకపోయినా రాసుకున్న వడ్డీయే వస్తుంది. వాటాదారుకు అందరికీ ఇచ్చాక మిగిలింది వస్తుంది. అది సున్నా కావచ్చు, ఊహించనంత పెద్ద మొత్తమూ కావచ్చు. ప్రామిసరీ నోటు రాయించుకుని నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి డబ్బు తిప్పడం తరతరాలుగా అలవాటైన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఈ తేడా అర్థం కావడం కష్టమేమీ కాదు. కానీ షేరు కొనేటప్పుడు చాలామంది ఆ పాత వడ్డీ లెక్కనే మనసులో పెట్టుకుంటారు. ‘నెలకు ఎంత వస్తుంది’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవాడు కనిపిస్తే అతడు షేరు అమ్మడం లేదని గ్రహించాలి. నెలనెలా ఇంత ఇస్తానని మాట ఇచ్చేవాడు అప్పు తీసుకుంటున్నాడు, లేదా మోసం చేస్తున్నాడు.

డివిడెండ్ కూడా హక్కుగా అడిగి తీసుకునేది కాదు. ఏడాది చివర ఎంత ఇవ్వాలో డైరెక్టర్ల బోర్డు సిఫారసు చేస్తుంది, వాటాదారుల సర్వసభ్య సమావేశం ఆమోదిస్తుంది. సాధారణంగా ఆ సమావేశం దాన్ని తగ్గించగలదు, పెంచలేదు. ప్రకటించాక మాత్రం అది కంపెనీ బాకీ. 30 రోజుల్లో చెల్లించి తీరాలి. పత్రికల్లో ‘500 శాతం డివిడెండ్’ అని చూసి ఉలిక్కిపడేవారు ఉంటారు. ఆ శాతం లెక్కగట్టేది మార్కెట్ ధర మీద కాదు, షేరుకు కంపెనీ రాసుకున్న ముఖవిలువ మీద. రూపాయి ముఖవిలువ ఉన్న షేరుకు 500 శాతం అంటే అయిదు రూపాయలు. ఆ షేరును మార్కెట్లో వెయ్యి రూపాయలకు కొన్నవారికి దక్కింది అర శాతమే. ఉన్న వాటాదారులకు ఉచితంగా ఇచ్చే బోనస్ షేర్లూ ఇలాంటివే. ఒకటికి ఒకటి బోనస్ ఇస్తే షేర్లు రెట్టింపవుతాయి, ఒక్కో షేరు వెనక ఉన్న విలువ సగమవుతుంది. కంపెనీ ఖజానాలోకి కొత్తగా ఏమీ రాలేదు, మదుపరి ఇంటికీ ఏమీ రాలేదు.

కొన్న డబ్బు ఎక్కడికి పోతుందన్నదీ చాలామంది పట్టించుకోని సంగతే. కంపెనీ మొదటిసారి ప్రజలకు కొత్త షేర్లు జారీ చేసినప్పుడు, లేదా ఉన్న వాటాదారులకే కొత్తగా హక్కుల షేర్లు అమ్మినప్పుడు డబ్బు కంపెనీకి చేరుతుంది. ఆ తర్వాత ఎక్స్ఛేంజీలో జరిగే కొనుగోళ్లలో డబ్బు వెళ్లేది ఎక్కడో షేరు అమ్మిన మరో మదుపరికి. ఫలానా కంపెనీకి పెట్టుబడి ఇచ్చామనుకునేవారిలో ఎక్కువమంది ఆ కంపెనీకి ఒక్క రూపాయి కూడా ఇచ్చి ఉండరు. అయినా హక్కులు మాత్రం పూర్తిగా వస్తాయి. షేరు బదిలీ అయిందంటే దాని వెంట ఓటు కూడా బదిలీ అయినట్టే.

ఆ ఓటు సంగతే అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురవుతోంది. పాల సహకార సంఘంలో ఒక గేదె ఉన్న సభ్యుడికీ పది గేదెలున్న సభ్యుడికీ ఒకటే ఓటు. మనిషికి ఒక ఓటు. కంపెనీలో షేరుకు ఒక ఓటు. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీలో కనీసం 25 శాతం ప్రజల చేతుల్లో ఉండాలన్నది నిబంధన. అంటే ప్రమోటర్లు, అంటే కంపెనీని తమ పట్టులో ఉంచుకున్న వ్యవస్థాపకులు, 75 శాతం దాకా ఉంచుకోవచ్చు. సాధారణ తీర్మానానికి పోలైన ఓట్లలో సగానికి మించి వస్తే చాలు. ప్రత్యేక తీర్మానానికి అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకు మూడు రెట్లు ఉండాలి. ఈ లెక్క చూసి, ‘మన వంద షేర్లతో ఒరిగేదేమిటి’ అని చిన్న వాటాదారు అనుకోవడం సహజం.

కానీ 2021 ఆగస్టులో ఐషర్ మోటార్స్‌లో ఏం జరిగిందో చూడాలి. బుల్లెట్ బండ్లు తయారుచేసే ఆ కంపెనీలో సగం దాకా వాటా ప్రమోటర్ల కుటుంబానిదే. మేనేజింగ్ డైరెక్టర్‌గా సిద్ధార్థ లాల్‌ను తిరిగి నియమించి, జీతం నిర్ణయించే ప్రత్యేక తీర్మానం సమావేశం ముందుకు వచ్చింది. దాదాపు 73 శాతం ఓట్లు అనుకూలంగా పడ్డాయి. 75 శాతం కావాలి. తీర్మానం వీగిపోయింది. జీతం పెంపు మీద బయటి వాటాదారుల అభ్యంతరం. కంపెనీ జీతం పరిమితులు సవరించి మళ్లీ ఓటు అడగాల్సి వచ్చింది, రెండోసారి నెగ్గింది. తేడా రెండు శాతం. ఇక ప్రమోటర్లకు చెందిన ఇతర సంస్థలతో పెద్ద లావాదేవీలు చేయాలంటే, షేర్ల మార్కెట్‌ను నియంత్రించే సెబీ నిబంధనల ప్రకారం ఆ సంబంధీకులు తీర్మానానికి అనుకూలంగా ఓటు వేయకూడదు. అక్కడ ప్రజల వాటాయే నిర్ణయిస్తుంది. డబ్బు కంపెనీ నుంచి పక్కదారి పట్టేది తరచుగా ఈ తలుపులోంచే కాబట్టి, ఈ ఒక్క ఓటైనా వదులుకోకూడదు.

ఓటు వేయడానికి ముంబయి వెళ్లనక్కర్లేదు. సమావేశానికి 21 రోజుల ముందు నోటీసు ఈమెయిల్‌లో వస్తుంది. వందల పేజీల వార్షిక నివేదిక దానికి జతగా ఉంటుంది. తెరవకుండానే తొలగించే ఉత్తరం సాధారణంగా ఇదే. అందులో తీర్మానాల జాబితా రెండు మూడు పేజీలకు మించదు: లెక్కల ఆమోదం, డివిడెండ్, వంతు ప్రకారం దిగిపోయే డైరెక్టరును మళ్లీ తీసుకోవడం, ఆడిటర్ల నియామకం. వీటి తర్వాత ‘ప్రత్యేక అంశాలు’ అన్న శీర్షిక కింద అసలు సంగతులు ఉంటాయి. ప్రతి ప్రత్యేక అంశానికీ వెనక పేజీల్లో వివరణ ఇవ్వాలని చట్టం. ఎవరికి ఎంత జీతం, ఏ బంధువు కంపెనీతో ఎంత ఒప్పందం, ఎందుకు అన్నది ఆ వివరణలోనే దొరుకుతుంది. ఎలక్ట్రానిక్ ఓటింగ్ కనీసం మూడు రోజులు తెరిచి ఉంటుంది, సమావేశానికి ముందు రోజు సాయంత్రం 5 గంటలకు మూతపడుతుంది. షేర్లు ఎలక్ట్రానిక్ రూపంలో ఉండే డీమ్యాట్ ఖాతా వివరాలతో ఫోనులోనే అనుకూలం, వ్యతిరేకం నొక్కవచ్చు. పది నిమిషాల పని.

ఓటు దాకా రాని సందర్భాల్లో వాటాదారుకు మిగిలేది అమ్ముకునే హక్కు. దానికీ బలం ఉంది. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు, ప్రమోటర్ల కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొనాలని నిర్ణయించింది. వాటాదారులను అడగలేదు. వారు అమ్మకాలతో జవాబిచ్చారు. న్యూయార్క్‌లో సత్యం షేర్లకు ప్రతిగా అమ్ముడయ్యే డిపాజిటరీ షేర్ల ధర ఆ రాత్రే సగానికి పైగా పడిపోయింది. కొన్ని గంటల్లోనే ప్రతిపాదనను వెనక్కి తీసుకున్నారు. ఆ కొనుగోలు జరిగి ఉంటే లెక్కల్లోని బొక్క ఇంకొంతకాలం కప్పబడి ఉండేది. 2009 జనవరి 7న, లెక్కల్లో మోసం చేశానని ఒప్పుకుంటూ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటపడింది. ఒక్కరోజులో షేరు రూ.179 నుంచి రూ.40 దగ్గరకు దిగింది. తెలుగువాళ్ల కంపెనీ అన్న అభిమానంతో దాచుకున్న సొమ్ము పెట్టిన ఇళ్లకు అది మామూలు దెబ్బ కాదు.

తర్వాత జరిగింది ఇంకా బాధాకరం. అమెరికాలో సత్యం పత్రాలు కొన్న మదుపరులు అక్కడి చట్టం ప్రకారం మూకుమ్మడి దావా వేశారు. 2011లో కంపెనీ 12.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. అదే మోసానికి గురైన గుంటూరు మదుపరికి, మన దేశంలో అలాంటి దావాకు చట్టంలో చోటే లేనందున, ఆ పరిహారం అందలేదు. హక్కు ఉన్నా దాన్ని నిలబెట్టుకునే దారి లేకపోతే ఫలితం ఇలాగే ఉంటుంది. ఆ లోటు తీర్చడానికే 2013 కంపెనీల చట్టంలో 245వ సెక్షన్ వచ్చింది. సభ్యుల్లో 5 శాతం మంది లేదా 100 మంది, ఏది తక్కువైతే అంతమంది కలిసి కంపెనీ మీద, డైరెక్టర్ల మీద, ఆడిటర్ల మీద కూడా ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. వంద మంది వాటాదారులు ఒక్కటవడం విజయవాడ లాంటి నగరంలో అసాధ్యం కాదు. అలవాటు లేదంతే.

ఏ ఓటూ లేకుండా షేరు స్వరూపమే మారిపోయే సందర్భాలూ ఉన్నాయి. ఆంధ్రా బ్యాంకు కథ అలాంటిదే. భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో 1923 నవంబరు 28న దాన్ని ప్రారంభించారు. 1980లో అది జాతీయమైంది, ఈ శతాబ్దంలో మళ్లీ ప్రజలకు షేర్లు అమ్మింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. జాతీయ బ్యాంకుల విలీనం కేంద్ర ప్రభుత్వ పథకం ద్వారా జరుగుతుంది, వాటాదారుల ఓటుతో కాదు. 1,000 ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు అని నిష్పత్తి ఖరారు చేశారు. వంద షేర్లు ఉన్నవారికి లెక్క ప్రకారం 32.5 రావాలి. అర షేరు అనేది డీమ్యాట్‌లో ఉండదు కాబట్టి 32 షేర్లు జమ అవుతాయి, మిగిలిన అరకు డబ్బు ఇస్తారు. ఆంధ్రా బ్యాంకు అన్న పేరు ఖాతా జాబితాలోంచి మాయమవుతుంది. ఆ పేరు మీద ఉన్న మమకారానికి ఏ నిష్పత్తిలోనూ విలువ కట్టలేదు. చట్టం లెక్కలో షేరు ఉన్నవారికి అన్యాయం జరిగిందా లేదా అన్నది 325 అనే అంకె సరైనదా కాదా అన్న ప్రశ్న మాత్రమే.

ఈ హక్కులన్నీ పేరు మీద నిలబడతాయి. షేర్లు ఉండాల్సింది వాటి ఎలక్ట్రానిక్ లెక్క చూసే డిపాజిటరీ సంస్థ దగ్గర మదుపరి సొంత పేరున ఉన్న డీమ్యాట్ ఖాతాలో, బ్రోకర్ దగ్గర కాదు. 2019 నవంబరులో హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన కార్వీ స్టాక్ బ్రోకింగ్‌పై సెబీ చర్య తీసుకున్నప్పుడు బయటపడింది ఇదే: ఖాతాదారుల షేర్లను తన ఖాతాకు మళ్లించి అప్పులకు తాకట్టు పెట్టారు. డిపాజిటరీ నేరుగా పంపే నెలవారీ వివరాలను బ్రోకర్ యాప్‌తో సరిపోల్చుకోవడం వృథా శ్రమ కాదు.

బీరువాల్లో పాత కాగితపు సర్టిఫికెట్లు ఉన్న ఇళ్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. 2019 ఏప్రిల్ నుంచి కాగితపు షేర్లను మరొకరికి అమ్మడం కుదరదు, ముందు డీమ్యాట్ చేయించుకోవాలి. పైగా ఏడేళ్లు వరుసగా డివిడెండ్ తీసుకోకపోతే ఆ డివిడెండే కాదు, షేర్లు కూడా కేంద్ర ప్రభుత్వ మదుపరుల రక్షణ నిధికి వెళ్తాయి. అక్కడ వాటి ఓటు స్తంభించిపోతుంది. షేర్లు పోయినట్టు కాదు, దరఖాస్తు చేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. తెలుగు కుటుంబాలకు చిక్కు వచ్చేది పేరు దగ్గర. సర్టిఫికెట్ మీద ఇంటిపేరుకు మొదటి అక్షరమే ఉంటుంది, పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పేరు చివరకు చేరి ఉంటుంది. స్త్రీలకైతే పుట్టింటి పేరు ఒకచోట, అత్తింటి పేరు మరోచోట. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్లతో నిరూపించాలి. ఆ మనిషి బతికి ఉండగా ఇది కొద్ది రోజుల్లో అయ్యే పని. పోయాక వారసులకు ఏళ్లు పట్టవచ్చు.

నామినీ పేరు రాసి ఉంటే అంతా సర్దుకుంటుందన్న నమ్మకమూ సగమే నిజం. 2023 డిసెంబరులో శక్తి యజ్దానీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది. నామినీ చేతికి షేర్లు వెళ్తాయి, కానీ నామినీ యజమాని కాడు. వారసత్వ చట్టం ప్రకారం హక్కున్నవారికి వాటిని అందించాల్సిన బాధ్యత అతనిది. వీలునామా లేకుండా హిందూ పురుషుడు మరణిస్తే 1956 నాటి వారసత్వ చట్టం కింద భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి మొదటి వరుస వారసులు. నామినీ గడిలో పెద్దకొడుకు పేరు ఒక్కటే ఉన్నా కూతురి వాటా కూతురిదే.